దైవ సంకల్పం, ప్రకృతి వరణం

1859 నవంబరులో చార్లెస్ డార్విన్ ‘జీవజాతుల ఉత్పత్తి’ వెలువడేనాటికి ఇంగ్లండులో ప్రకృతి శాస్త్రానికీ చర్చికీ మధ్య గోడ లేదు. కేంబ్రిడ్జిలో డార్విన్‌కు వృక్షశాస్త్రం మీద మక్కువ కలిగించిన హెన్‌స్లో స్వయంగా ఆంగ్లికన్ మతాచార్యుడు. కన్ను వంటి అవయవపు పొందిక చూస్తే దాన్ని రూపొందించినవాడు ఒకడున్నాడని తెలుస్తుందని విలియం పేలీ 1802లో రాశాడు. ఆ వాదనను విద్యార్థి డార్విన్ ఎంతో ఇష్టంగా చదివాడు.

భూమి వయసు గురించిన పేచీ అప్పటికే చాలావరకు సద్దుమణిగింది. ఆదికాండంలోని ఆరు రోజులను ఆరు యుగాలుగా చదువుకోవడానికి భక్తులైన భూగర్భ శాస్త్రవేత్తలు ఎందరో అలవాటుపడ్డారు. ప్రకృతి వరణం తెచ్చిన చిక్కు వేరు, అంతకంటే లోతైనది. జీవుల పొందికంతా చిన్నచిన్న తేడాల వల్ల, ఎడతెగని పోరాటం వల్ల, లెక్కలేనన్ని చావుల వల్ల ఏర్పడిందంటే అందులో దైవ సంకల్పం ఎక్కడుంది?

నవలాకారుడూ మతాచార్యుడూ అయిన చార్లెస్ కింగ్స్‌లీకి ఈ ప్రశ్న భారమనిపించలేదు. పుస్తకం ముందస్తు ప్రతి అందగానే డార్విన్‌కు ఉత్తరం రాశాడు. తమంతట తామే వికసించగల రూపాలను దేవుడు సృష్టించాడని నమ్మడం, ఖాళీ ఏర్పడినప్పుడల్లా ఆయనే దిగివచ్చి పూడుస్తాడని నమ్మడం కంటే ఏమాత్రం తక్కువ కాదని ఆయన భావం. డార్విన్ ఎంత సంతోషించాడంటే, 1860 జనవరిలో వచ్చిన రెండో ముద్రణలో పేరు చెప్పకుండా ఆ మాటలను చేర్చాడు.

హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే దారి ఇంత సులువైనది కాదు. అందుకే దాని విలువ ఎక్కువ. నిష్ఠగల క్రైస్తవుడైన గ్రేకు 1857లోనే డార్విన్ తన సిద్ధాంతాన్ని ఉత్తరంలో వివరించాడు. 1860లో ‘అట్లాంటిక్ మంత్లీ’లో గ్రే రాసిన వ్యాసాలు అమెరికాలో ఆ సిద్ధాంతానికి అండగా నిలిచాయి. ప్రకృతి వరణం ఉన్న తేడాల్లోంచి ఎంపిక చేస్తుందే తప్ప తేడాలను పుట్టించదు. అవి ఎలా పుడతాయో నాటికి ఎవరికీ తెలియదు. కాబట్టి మేలైన దిశలో వాటిని నడిపించేది దేవుడేనని అనుకోవడానికి అడ్డు లేదని గ్రే వాదించాడు.

ఈ వాదన డార్విన్‌కు కొరుకుడుపడలేదు. 1860 మే 22న గ్రేకు రాసిన ఉత్తరంలో ఇక్న్యూమన్ కందిరీగను ఎత్తిచూపాడు. ఆ ఆడ కందిరీగ బతికున్న గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. బయటపడిన పిల్లలు దాన్ని లోపలినుంచి తింటూ పెరుగుతాయి. పిల్లల కడుపు నిండేదాకా పురుగు ప్రాణాలతోనే ఉంటుంది. దయగల దేవుడు కావాలని ఇలాంటి ప్రాణిని సృష్టించాడని డార్విన్ నమ్మలేకపోయాడు. తొమ్మిదేళ్ల కిందట పదేళ్ల కూతురు యానీని పోగొట్టుకున్న తండ్రి ఆయన. లోకంలోని బాధ ఆయనకు పుస్తకాల్లో చదివిన ప్రశ్న మాత్రమే కాదు. అలాగని ఈ విశ్వమంతా గుడ్డి శక్తుల ఫలితమనుకోవడానికీ అదే ఉత్తరంలో మనసొప్పలేదు. 1868లో మరో పుస్తకం చివర గ్రేకు బహిరంగంగానే బదులిచ్చాడు: కొండచరియ కింద రాలిపడిన రాళ్లలో పనికొచ్చేవి ఏరి ఇల్లు కట్టుకుంటే, ప్రతి రాయీ ఆ ఇంటికోసమే ఆ ఆకారంలో విరిగిందని అనగలమా?

తెలియని చోటల్లా దేవుణ్ణి నిలబెట్టడమే గ్రే వాదనలోని బలహీనత. వంశపారంపర్యం గుట్టు తెలిసేకొద్దీ ఆ చోటు కుంచించుకుపోయింది. కానీ బాధ విషయంలో ఆయన చెప్పినది అంత తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. ప్రతి జీవినీ విడివిడిగా సృష్టించి ఉంటే ఇన్ని చావులకూ ఇంత వృథాకూ అర్థమే లేదు. పరిణామమే నిజమైతే ఆ పోరాటమే జీవ వైవిధ్యానికి దారి అవుతుందని 1876 నాటి ‘డార్వినియానా’లో రాశాడు. అంటే డార్విన్ సందేహానికి కారణమైన విషయాన్నే తన విశ్వాసానికి ఆధారం చేసుకున్నాడు.

మిగతావారి సర్దుబాట్లు మనిషి దగ్గర ఆగాయి. ప్రకృతి వరణాన్ని డార్విన్‌తో పాటు కనుగొన్న వాలెస్ సైతం మానవ మేధస్సు దానివల్ల మాత్రమే వచ్చింది కాదని 1869లో ప్రకటించాడు. కాథలిక్ జంతుశాస్త్రజ్ఞుడు మివార్ట్ 1871లో దేహానికి పరిణామాన్ని ఒప్పుకుని, ఆత్మను దేవుడికి వదిలాడు.

మనిషి దైవభక్తుడిగానూ పరిణామవాదిగానూ ఉండవచ్చా అన్న ప్రశ్నకు 1879లో ఒక ఉత్తరంలో డార్విన్ ఉండవచ్చనే జవాబిచ్చాడు. ఉదాహరణలుగా చెప్పిన పేర్లు కింగ్స్‌లీ, గ్రే. తన సంగతి మాత్రం వేరని, తనది ఎక్కువగా అజ్ఞేయవాదమని అక్కడే రాశాడు.