ఆటకు ప్రతిఫలముగా చదువు

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కళాశాలలు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలలో నేర్పరులగు బాలురను వెదకి, బోధనరుసుమును భోజనవసతులను ఉచితముగా నొసగి చేర్చుకొనుట చిరకాలపు టాచారము. అట్టి బాలునికి చదువున నెంత యోగ్యత యుండవలెననునది యచట నలువదేండ్లకు పైబడిన వివాదము. ఇందు ప్రశ్న నడుగవలసిన వారిని విడిచి వేరొకరి నడుగుచున్నారని మా యభిప్రాయము.

1978వ సంవత్సరమున ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడు నెబ్రాస్కాలోని క్రైటన్ విశ్వవిద్యాలయమున చేరెను. ఏ.సి.టి. యను ప్రవేశపరీక్షలో అచట చేరువారి సగటు 23కు మించియుండగా, అతనికి వచ్చినవి 9. అతడు పిమ్మట న్యాయస్థానమునకు విన్నవించుకొన్న దానినిబట్టి, అచట చదివిన పాఠ్యములలో తుపాకి గురిచూచుటయు, బాస్కెట్‌బాల్ సిద్ధాంతమును గలవు! నాలుగేండ్లాడి 1982లో వెలుపలికి వచ్చునప్పటికి పట్టమునకు వలయు 128 క్రెడిట్లలో 96 మాత్రమే చేకూరినవి. భాషాజ్ఞానము నాలుగవతరగతి బాలునిది. పిదప అతడు చికాగోలోని యొక పాఠశాలలో పసిపిల్లల నడుమ కూర్చుండి మరల చదువ నారంభించెను.

కళాశాలల క్రీడలను పాలించు ఎన్.సి.ఏ.ఏ. అను సంఘము 1983లో నొక నియమము చేసి 1986 నుండి నడపినది. ఉన్నతపాఠశాలలో 11 ముఖ్యపాఠ్యములందు 4కు 2 సగటును, ఎస్.ఏ.టి. పరీక్షలో 1600కు 700గాని, ఏ.సి.టి.లో 15గాని రానివాడు మొదటి యేడు ఆడరాదు. ఇందు మంచి లేదనము. చదువనిదే ఆట లేదని చెప్పుటకు ఉపాధ్యాయునికొక యాధారము దొరికినది. కాని 1989లో అట్టివానికి ధనసహాయమును గూడ మాన్పనెంచినప్పుడు, జార్జిటౌన్ జట్టు శిక్షకుడు జాన్ థామ్సన్ ఆట మొదలగు వేళ మైదానము విడిచి వెడలిపోయెను. పేద నల్లజాతి బాలురకు తలుపులు మూయుచున్నారని ఆయన యాక్షేపణ. ఆ నిబంధన తరువాత సడలినది.

జవాబుపత్రములు దిద్దుటయే వృత్తిగాగల మాకు మార్కు చెప్పున దేదియో, చెప్పని దేదియో కొంత తెలియును. నేటివరకు బాలునికెట్టి బోధన దొరికెనో అది చాలవరకు చెప్పును. రేపు శ్రద్ధతో బోధించిన నేర్చునో, నేర్వడో అది చెప్పజాలదు.

పోనిండు, ద్వారమువద్ద కావలి పెట్టిన పిదప లోపల నేమి జరిగినది? నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు చాపెల్ హిల్ కళాశాలలో 18 సంవత్సరములు బోధనలేని తరగతులు నడచెనని 2014లో విచారణ నివేదిక తెలిపినది. హాజరు లేదు, అధ్యాపకుని ముఖదర్శనము లేదు; చివర నొక వ్యాసము సమర్పించిన చాలును. పెక్కింటికి మార్కులు వేసినది కార్యాలయ మందలి యొక ఉద్యోగిని. చేరినవారు 3,100కు పైగా. వారిలో సగమునకు కొంచెము తక్కువగా క్రీడాకారులు. 2017లో సంఘము శిక్ష విధింపలేదు. ఆ తరగతులు ఇతర విద్యార్థులకును తెరచియుండెనట!

ఆటగాని శ్రమకు కళాశాల యిత్తునన్న కూలి చదువే. ఆ కూలిని చెల్లని రూకలతో నిచ్చినచో దోషి యెవడు? క్రైటన్ వ్యాజ్యమున 1992లో అప్పీలు న్యాయస్థానము బోధన బాగుగ లేదన్న ఫిర్యాదును త్రోసివేసెను. కాని చదువుకొను నవకాశము నిత్తుమని మాటయిచ్చి దానిని బొత్తిగా నీయలేదన్న వాదమును మాత్రము విననొప్పెను. మాకీ భేదము మిక్కిలి సమంజసముగ తోచుచున్నది.

2023లో సంఘము ప్రవేశపరీక్షల నియమమును తొలగించినది. 2025లో నొక న్యాయపరిష్కారముచే, కళాశాలలు ఆటగాండ్రకు నేరుగా ధనమీయవచ్చుననియు నేర్పడినది. ఇక చదువు బాకీ తీరినదందురు కొందరు. ధనము ముట్టువారు కొలదిమంది. ఆటయే జీవనముగ నిలుచువారు మరియు కొలదిమంది. విద్యార్థియను పేరుతో పిలుచునంతకాలము ఆ బాకీ నిలిచియే యుండును.

1972కు పూర్వము మొదటి యేటి విద్యార్థులు సామాన్యముగా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ప్రధానజట్టులలో ఆడకుండిరి. ఆ యాచారమును శిక్షగా గాక అందరికిని మరల నేర్పరచి, ఆ యేడంతయు చదువను వ్రాయను నేర్పవచ్చును. టిక్కెట్లు కొని వచ్చు జనము దానికేమనునో గాని, పై పసిపిల్లల నడుమ కూర్చున్న వాని కంతకన్న ముం దీయవలసిన దేదియు మాకు కానరాదు.