తలుపు ఎవరిది?

తన ఆస్తిలోకి ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ ప్రతివారికీ వుండాలంటారు. ఇంటి గడప విషయంలో ఇది నిజమే. కాని డబ్బు పుచ్చుకొని తెరిచిన తలుపుకు కూడా ఈ నీతి వర్తిస్తుందా?

2009లో అమెరికాలో, ఫిలడెల్ఫియా శివారులోని వ్యాలీ స్విమ్ క్లబ్, 1,950 డాలర్లు తీసుకొని, ఒక వేసవి శిబిరం పిల్లలను తన ఈతకొలనులోకి రానివ్వటానికి ఒప్పుకొన్నది. జూన్ 29న వచ్చిన ఆ పిల్లల్లో అత్యధికులు నల్లజాతివారు, లాటిన్ అమెరికా సంతతివారు. వారు దిగగానే కొందరు తెల్లవారు తమ బిడ్డలను నీళ్ళలోనుంచి పైకి రప్పించారని ఆరోపణ. కొద్దిరోజులకే క్లబ్బు సొమ్ము తిరిగి ఇచ్చివేసింది. తరువాత రద్దీయే కారణమన్నది. కాని క్లబ్బు "ఛాయ" మారుతుందన్న ఆందోళన వున్నదని అంతకుముందే దాని అధ్యక్షుడు ప్రకటించి వున్నాడు!

దీని వేళ్ళు చరిత్రలో వున్నాయి. బహిరంగ కొలనుల్లో వర్ణవిభజనను న్యాయస్థానాలు కొట్టివేసిన తరువాత తెల్ల మధ్యతరగతి ప్రైవేటు క్లబ్బులకు తరలిపోయింది. 1964 పౌరహక్కుల చట్టం నిజమైన ప్రైవేటు క్లబ్బులను మినహాయించింది. జాక్సన్ నగరమైతే తన బహిరంగ కొలనులనే మూసివేసింది. 1971లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. గోడ కూలలేదు, ప్రభుత్వ స్థలంనుంచి ప్రైవేటు స్థలంలోకి జరిగింది.

వ్యాలీ క్లబ్బు దివాలా తీసింది. కేంద్ర న్యాయశాఖ దావా వేయగా 2012లో 11 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. చట్టం అవమానానికి వెల కట్టగలిగింది. కాని పిల్లల డబ్బుకు లేని రంగు వారి శరీరాలకు మాత్రమే ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని స్వేచ్ఛ స్వేచ్ఛ కాదు, ఆస్తికి తొడిగిన అధికారం.