"నాకు తెలియదు" అనే జవాబు

2012 నవంబర్ 10, శనివారం. అప్పుడు ఆన్‌సైట్ ప్రాజెక్టు మీద ఇంగ్లండులో ఉన్నాను. ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ బీబీసీ రేడియో 4లో 'టుడే' పెట్టుకున్నా. జాన్ హంఫ్రీస్ ఎవరినో ఊపిరి తిప్పుకోనివ్వకుండా అడుగుతున్నాడు. కాసేపటికి గానీ అర్థం కాలేదు, అవతల కూర్చున్నది బీబీసీ డైరెక్టర్ జనరల్ జార్జ్ ఎంట్‌విసిల్ అని. అంటే హంఫ్రీస్‌కి పైవాళ్ళందరికీ పైవాడు. మన దగ్గర ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లకి సొంతంగా వార్తలు చెప్పే అనుమతే లేదు, ఆకాశవాణి బులెటిన్లు రిలే చేసుకోవాల్సిందే. అలాంటి చోటు నుంచి వెళ్ళినవాడికి ఇదెంత వింతో ఊహించుకోండి. ఉప్మా మాడింది.

సంగతి ఏమిటంటే, నవంబర్ 2న బీబీసీ టీవీ కార్యక్రమం 'న్యూస్‌నైట్' ఒక కథనం వేసింది. ఉత్తర వేల్స్‌లోని పిల్లల సంరక్షణాలయంలో దశాబ్దాల కిందట జరిగిన లైంగిక దాడుల్లో, థాచర్ కాలపు కన్సర్వేటివ్ ప్రముఖుడొకరికి పాత్ర ఉందన్నది ఆరోపణ. పేరు చెప్పలేదు. ఆ ఖాళీని ట్విట్టర్ పూరించింది: లార్డ్ మెకల్పైన్. అది తప్పు. ఆరోపించిన బాధితుడే తర్వాత ఫోటో చూసి, ఈయన కాదు, పొరబడ్డాను, క్షమించమన్నాడు. ముందు ఏడాది జిమ్మీ సావిల్ మీద పరిశోధనని ప్రసారం చెయ్యకుండా ఆపేసి అప్పటికే పరువు పోగొట్టుకున్నది కూడా ఈ న్యూస్‌నైటే.

హంఫ్రీస్ ప్రశ్నలు చాలా మామూలువి. ప్రసారానికి ముందు మీకు తెలుసా? తెలియదు. అలాంటి కథనం వస్తోందని ఆ రోజే ట్వీట్ వచ్చింది, చూశారా? లేదు. కార్యక్రమం చూశారా? ఆ రాత్రి బయట ఉన్నాను. అది పొరపాటు కావచ్చని నిన్న గార్డియన్ రాసింది కదా? చూడలేదు. ఎవరో ఒకరు వచ్చి చెప్పేదాకా ఆగుతారా, మీ అంతట మీకు తెలుసుకోవాలని ఉండదా అన్నట్టు అడిగాడు చివరికి. ఆ రాత్రే ఎంట్‌విసిల్ రాజీనామా చేశాడు. పదవిలో 54 రోజులు.

అప్పట్లో నాకు భలే నచ్చింది. జర్నలిజం అంటే ఇదీ అని ఆఫీసులో చాలామందికి చెప్పాను.

కొన్నేళ్ళకి నాకూ ఆ కుర్చీ దొరికింది, చిన్న సైజులో. మా బ్యాచ్ జాబ్ ఒకటి వారాంతంలో కొందరు కస్టమర్ల దగ్గర రెండుసార్లు డబ్బు లాగేసింది. సోమవారం కాల్‌లో క్లయింటు అడిగాడు, అలర్ట్ మెయిల్ చూడలేదా అని. చూడలేదన్నాను. నిజమే. కానీ ఆ మెయిల్స్ అన్నీ కంటికి కనబడకుండా వేరే ఫోల్డర్లోకి పోయేట్టు రూల్ పెట్టింది నేనే. తెలియకపోవడం వేరు, తెలియకుండా ఏర్పాటు చేసుకోవడం వేరు. వేలమంది పనిచేసే సంస్థలో ప్రతి కార్యక్రమమూ పెద్దాయన చూడలేడు, ఒప్పుకుంటాను. కానీ సావిల్ గొడవ తర్వాత, అదే న్యూస్‌నైట్ గురించి అడక్కపోవడం మాత్రం నా ఫోల్డర్ లాంటిదే.

అయితే ఇంకొకటి కూడా ఉంది. ఆయన అబద్ధం ఆడలేదు. "సమీక్షిస్తున్నాం, ఇప్పుడే వ్యాఖ్యానించలేను" అనే బాపతు మాటలతో బండి లాగించేవాళ్ళని రోజూ చూస్తున్నాం, వాళ్ళ ఉద్యోగాలకి ఏమీ కాదు. "చూడలేదు" అని తిన్నగా చెప్పినవాడు సాయంత్రానికల్లా పోయాడు. ఇది విని మిగతా అధికారులు నేర్చుకునేది ఎక్కువ తెలుసుకోవాలనా, తక్కువ ఒప్పుకోవాలనా? నాకు రెండోదే అనిపిస్తుంది. అలాగని హంఫ్రీస్ అడక్కుండా ఉండాల్సిందా అంటే, అదీ అనలేను.

ఈమధ్య ఆ ఇంటర్వ్యూ మళ్ళీ విన్నాను. ఈసారి గమనించింది, నేను అప్పుడు మెకల్పైన్ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదని. ఆ సంరక్షణాలయం పిల్లల గురించి కూడా. నా ధ్యాసంతా పట్టుబడ్డవాడి గొంతు మీదే. మెకల్పైన్‌కి బీబీసీ 1,85,000 పౌండ్ల పరిహారం ఇచ్చింది. 2014 జనవరిలో ఆయన పోయాడు.

నవంబర్ 2 రాత్రి నేనేం చేశానో కూడా గుర్తొచ్చింది. కథనం అవగానే ఫోన్‌లో వెతికి ఆ పేరు పట్టుకున్నా. పక్క గదిలో రూమ్మేట్‌కి వినిపించేలా చెప్పాను, "ఎవరో తెలిసిందిరా!" అని. వారం తర్వాత అది తప్పని తేలినప్పుడు, ఎంట్‌విసిల్ ఎలా దొరికిపోయాడో వాడికి పూసగుచ్చినట్టు చెప్పా. పేరు సంగతి ఎత్తలేదు. వాడిప్పుడు హైదరాబాదులోనే ఉన్నాడు, నెలకోసారైనా మాట్లాడుకుంటాం.