మూత పెట్టి తీసే ఫోటో

చదవవలసిన భాగం: కీర్తనలు 19

టెలిస్కోపుకు డిజిటల్ కెమెరా తగిలించి ఆకాశాన్ని ఫోటో తీసేవాళ్ళు రాత్రి సామాను సర్దుకునే ముందు ఒక పని చేస్తారు. వెలుతురు చొరబడకుండా టెలిస్కోపుకు మూత బిగిస్తారు. అప్పటిదాకా ఆకాశాన్ని ఎలా తీశారో అలాగే మళ్ళీ ఫోటోలు తీస్తారు. నక్షత్రాలకు 3 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇస్తే ఈ చీకటికీ 3 నిమిషాలే. కాంతికి కెమెరా స్పందించే స్థాయి, అంటే ఐఎస్‌ఓ, మారకూడదు. చలి కూడా అంతే ఉండాలి కాబట్టి ఇంటికి వెళ్ళి తీరిగ్గా తీద్దామనుకోరు, ఆ రాత్రే, ఆ మంచులోనే తీస్తారు. వీటిని డార్క్ ఫ్రేములంటారు.

చీకటిని ఫోటో తీస్తే నల్లగా రావాలి. రాదు. పెద్దది చేసి చూస్తే ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి చుక్కలు కనబడతాయి. కొన్ని అచ్చం నక్షత్రాల్లాగే ఉంటాయి. ఒక్క కిరణం పడని చోట ఇవెక్కడివి? కెమెరాలోని సెన్సర్‌ను సిలికాన్‌తో చేస్తారు. కాంతి తగిలితే అందులో ఎలక్ట్రాన్లు విడివడతాయి, వాటిని లెక్కబెట్టి కెమెరా బొమ్మ కడుతుంది. అయితే వేడికీ ఎలక్ట్రాన్లు విడివడతాయి. ఈ ఎలక్ట్రాన్ ఎక్కడో ఉన్న నక్షత్రపు కాంతికి కదిలిందా, తన ఒంటి వేడికే కదిలిందా అన్నది సెన్సర్‌కు తెలియదు. రెండింటినీ కలిపి ఒకే లెక్క చెబుతుంది. వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగితే చాలు, ఈ దొంగ లెక్క రెట్టింపవుతుంది. అందుకే డార్క్ ఫ్రేములో దొరికిన చుక్కలను తరవాత ఆకాశపు ఫోటోలోంచి తీసివేస్తారు.

ఈ సంగతి నన్ను వదలదు. సంఘంలో ఒకరి మీద మనకు వచ్చిన కోపం ప్రభువు కోసం పుట్టిన రోషమా, మన మాట చెల్లలేదన్న ఉక్రోషమా? ప్రార్థనలో మెదిలిన ఆలోచన ఆయన నడిపింపా, ముందునుంచీ మనకున్న కోరికేనా? లోపల రెండూ ఒకే తీరుగా వెలుగుతాయి. అబద్ధమాడాలన్న ఉద్దేశం లేనివాళ్ళకు కూడా తేడా దొరకదు. మన వేడిని దేవుని వెలుగని నమ్మి ఎంతమందిని నొప్పించామో!

పందొమ్మిదో కీర్తనను మనం ఎక్కువగా మొదటి ఆరు వచనాల కోసమే తెరుస్తాం. ఆకాశం, పగలూ రాత్రీ, సూర్యుడు. కాని దావీదు అక్కడ ఆగలేదు. ధర్మశాస్త్రం మాధుర్యం మీదుగా సాగి, పన్నెండో వచనానికి వచ్చేసరికి తన కంటికే ఆనని తన తప్పుల గురించి దేవుణ్ణి వేడుకుంటాడు. నక్షత్రాల నుంచి అంతరంగంలోకి ఈ మలుపేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. డార్క్ ఫ్రేమ్ తీసినవాళ్ళకు మాత్రం అనిపించదు.

ఆకాశం ఇచ్చేది తక్కువేమీ కాదు. యోబుతో దేవుడు మాట్లాడినప్పుడు మృగశిర గురించి అడుగుతాడు (యోబు 38వ అధ్యాయం). సంక్రాంతి రోజుల్లో రాత్రి పదింటికి అది మన ఊళ్ళలో దాదాపు నడినెత్తికి వస్తుంది. వరుసగా ఉన్న మూడు నక్షత్రాల కింద మసకగా ఒక మచ్చ ఉంటుంది. అది కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం, మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరం. ఆండ్రూ ఐన్స్‌లీ కామన్ వృత్తికి ఇంజనీరు, ఆకాశం ఆయనకు ఇష్టం మాత్రమే. లండన్ పక్కన ఈలింగ్‌లో తన ఇంటి తోటలో పెట్టుకున్న 36 అంగుళాల అద్దపు టెలిస్కోపుతో 1883 జనవరిలో ఆ మేఘాన్ని ఫోటో తీశాడు. కంటికి ఆనని నక్షత్రాలు ఆ ఫోటో పలక మీద కనబడ్డాయి. కన్ను కాంతిని కూడబెట్టుకోలేదు, పలక కూడబెట్టుకుంటుంది. ఈ రోజు చిన్న టెలిస్కోపు ఉన్న కుర్రవాళ్ళు కూడా ఆ మేఘంలోని హైడ్రోజన్ ఎరుపును పట్టుకుంటున్నారు. అంత దూరం ప్రయాణించి వచ్చిన కాంతిలో చివరి క్షణాన కల్తీ కలిపేది మన చేతిలోని కెమెరా వేడే.

ఒక కెమెరా డార్క్ ఫ్రేమ్ ఇంకో కెమెరాకు పనికిరాదు. ఒక్కో సెన్సర్ మచ్చలు ఒక్కో చోట ఉంటాయి. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చే ప్రతివాడూ తన్ను తానే పరీక్షించుకోవాలని పౌలు కొరింథువారికి రాశాడు, పక్కవాణ్ణి పరీక్షించమనలేదు. మనం మొదటి ఆదివారం బల్ల ముందు కూర్చుని పక్కింటివారి మచ్చలు బాగానే లెక్కబెడతాం. ఆ లెక్క మన బొమ్మను శుభ్రం చేయదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే సున్నితమైన మనసున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఒక్క డార్క్ ఫ్రేమ్‌ను నమ్మరు. ఇరవై దాకా తీసి సగటు చూస్తారు. ఒక్కదాంట్లో ఆ క్షణపు తత్తరపాటు కూడా కలిసి ఉంటుంది, సగటులో నిలిచిందే అసలు మచ్చ. ఫోటోలో తీసివేసేది దాన్ని మాత్రమే. అది చాలదని కంప్యూటరులో మరీ నునుపు చేస్తే మచ్చలతో పాటు సన్నని మేఘపు పోగులూ, చిన్న నక్షత్రాలూ తుడిచిపెట్టుకుపోతాయి. కుంగిపోయిన ఒక రాత్రి మన మీద మనం ఇచ్చుకున్న తీర్పు అలాంటిది. తన్ను తాను తిట్టుకుంటూ, దేవుడు తనలో నిజంగా చేసిన మేలును కూడా కాదనేవాళ్ళను చూశాను. అది దీనత్వం కాదు.

దావీదు తన్ను తాను శోధించుకుని జాబితా రాసుకోలేదు. కనిపెట్టలేనని ఒప్పుకుని, శుభ్రం చేయమని అడిగాడు. సెన్సర్ తన మచ్చలను తానే తీసివేసుకోలేదు. మూత కింద తన చీకటిని ఉన్నదున్నట్టు చూపగలదు, అంతే. తీసివేసే పని మరొకరిది. అందుకే ఆ కీర్తన ఆఖరి వచనంలో విమోచకుణ్ణి పిలుస్తుంది.

ఈ రాత్రి 19వ కీర్తనను ఆరో వచనం దగ్గర ఆపకుండా చివరిదాకా చదవండి. పన్నెండో వచనం దగ్గర ఫోను పక్కన పెట్టి ఐదు నిమిషాలు ఊరకుండండి. ఈ రోజు మీరన్న మాటల్లో ఏది ఆయన వెలుగుకు పలికిందో, ఏది మీ వేడికి పలికిందో చూపమని అడగండి. చూపినది ఎంత చిన్నదైనా సర్దిచెప్పుకోకుండా ఆయనకు అప్పగించండి.