నీ మొహం చూసి కట్టాను

"నెలంతా గొడ్డులా పనిచేస్తావు. రేపు కాలో చెయ్యో విరిగితే ఎవడిస్తాడు జీతం?" తెల్ల కాగితం మీద గుండ్రాలు గీస్తూ అడిగాడు నా పాత క్లాస్‌మేట్. పదేళ్ళ కిందటి మాట. సమయం అమ్ముకుని బతకడం బానిసత్వమనీ, మనం నిద్రపోతున్నా డబ్బు రావాలనీ అన్నాడు. పైన ఒక గుండ్రం, దాని కింద 6, వాటి కింద 36. ఆ పై గుండ్రం నేనట.

అతని ప్రశ్న నన్ను పట్టుకుంది. ఎందుకంటే అది అబద్ధం కాదు. అడ్డా మీద నిలబడే కూలీకి, ఆటో నడిపే మనిషికి, ట్యూషన్లు చెప్పుకునే పంతులికి జ్వరమొచ్చిన రోజు ఆదాయం లేదు. 1997లో 'రిచ్ డాడ్ పూర్ డాడ్' పుస్తకంతో రాబర్ట్ కియోసాకి పట్టుకున్నది ఈ భయాన్నే. భయం నిజమే. దానికిచ్చే మందు గురించే నా పేచీ.

నేను చేరాను. మా పిన్నిని చేర్చాను. పిన్ని ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. 12 వేలు కట్టి సబ్బులు, పౌడరు డబ్బాలు తెచ్చుకుంది. ఆరుగురు కాదు కదా, ఒక్కరిని కూడా చేర్చలేకపోయింది. ఆవిడ చేరినందుకు నాకొచ్చిన కమీషన్ 900 రూపాయలు.

తర్వాతెప్పుడో ఆ గుండ్రాల లెక్క పూర్తిగా వేసి చూశాను. ఒక్కొక్కరు ఆరుగురిని చేరుస్తూ పోతే పదకొండో వరసకే 36 కోట్ల మంది కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో అంతమంది లేరు. పదమూడో వరసకి 1,300 కోట్లు దాటుతుంది. భూమ్మీదే లేరు. సరే, మధ్యలో ఎక్కడో ఆగుతుందనుకుందాం. ఎక్కడ ఆగినా ప్రతి ఆరుగురిలో సుమారు ఐదుగురు చివరి వరసలోనే ఉంటారు, కింద ఎవరూ లేకుండా. వాళ్ళు బద్ధకస్తులు కారు. ఆ బొమ్మ అలా గీస్తే అలాగే వస్తుంది. మీటింగుల్లో మాత్రం "కష్టపడలేదు, నమ్మకం లేదు" అని తప్పు వాళ్ళమీదే వేస్తారు. నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే.

మనుషుల్ని చేర్చడం మీదే నడిచే డబ్బు పథకాలను 1978 చట్టం నిషేధించింది. డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో పిరమిడ్లు నడపకూడదని 2021 నిబంధనలు చెప్పాయి. సబ్బు కావలసినవాళ్ళకి సబ్బు అమ్మడం తప్పేం కాదు. కానీ చట్టం ఒప్పుకున్నా నా ప్రశ్న మిగిలే ఉంటుంది: నేను పిన్నికి అమ్మింది ఏమిటి?

పిన్ని తన రెండు గంటలు అమ్మితే, డబ్బిచ్చిన ఆవిడ చేతికి జాకెట్ వస్తుంది. అక్కడితో ఇద్దరికీ లెక్క సరి. నా నిద్రలో వచ్చే డబ్బు కోసం మాత్రం ఎవరో మేలుకుని ఉండాలి. అద్దె, వడ్డీ కూడా అంతే కదా అనొచ్చు. కొంతవరకు అంతే. కానీ అద్దెకుండే మనిషికి తానిచ్చేది అద్దె అని తెలుసు. "రేపు నువ్వూ ఓనరువే" అని ఆశపెట్టి ఎవరూ అద్దె వసూలు చేయరు.

ఆ 900 తిరిగిచ్చేద్దామని పిన్ని ఇంటికి వెళ్ళాను. మిషను ఆపలేదు.

"నాకెందుకురా? సబ్బులు వాడుకున్నాగా."

"అసలెందుకు కట్టావు పిన్నీ?"

"ఆ గుండ్రాలు నాకేం అర్థమయ్యాయి! నీ మొహం చూసి కట్టాను."

దారిలో అదే ఆలోచన. నాకు ముట్టింది 900 కాబట్టి నా బాకీ కూడా అంతేననుకున్నాను. కానీ ఆవిడ కొన్నది కంపెనీ మాటని కాదు, నా మాటని. అలాంటప్పుడు బాకీ 12 వేలు.

మూడు నెలల్లో తీర్చాను, నా జీతంలోంచి. అంటే, అమ్ముకున్న సమయంలోంచే.