చలిమంట యొద్ద మన బిడ్డలు

ధ్యానభాగములు: మత్తయి 26:69-75, యోహాను 18:15-18, యోహాను 21:9-17



మిరపకాయలు యార్డుకు తోలి, ప్రత్తి అమ్మి, అప్పులు తీర్చగా మిగిలిన రూకలతో బిడ్డలను కళాశాలలకు పంపుకొను కాలము వచ్చినది. మన పల్లెలనుండి కొందరు రోమను కతోలికుల కళాశాలలలో చేరుచున్నారు. తెనాలిలో జె.ఎం.జె. కన్యాస్త్రీలు 1963లో స్థాపించిన స్త్రీల కళాశాల యున్నది. విజయవాడలో యేసుసభ గురువులు 1953లో నెలకొల్పిన ఆంధ్ర లొయోలా కళాశాలయు, 1962లో ఫ్రాన్సిస్కను కన్యాస్త్రీలు ఆరంభించిన మేరిస్ స్టెల్లా కళాశాలయు ఉన్నవి. లూథరను, బాప్టిస్టు ఇండ్ల బిడ్డలు ఇట్టి చోట్లకు పోవునప్పుడు తల్లులు మమ్మును అడుగు ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, మా పిల్ల వాళ్ళలో కలిసిపోద్దా?"

ఆ ఒక్క మాటలో రెండు భయములున్నవి. కలియలేక ఒంటరిదగునేమో యన్నది ఒకటి. మరీ కలిసిపోయి మనది కాకుండ పోవునేమో యన్నది రెండవది. కాబట్టి పదిమందిలో కలియుట మంచిదా, చెడ్డదా? ఎంతవరకు కలియవలెను? దీనిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

ప్రధానయాజకుని ముంగిట ఆ రాత్రి చలిగా నుండెను. పనివారును బంట్రౌతులును బొగ్గులు రాజవేసి చలి కాచుకొనుచుండగా పేతురు కూడ వారితో నిలువబడెను. చలి వేసినందుకు ఏ సువార్తికుడును అతనిని తప్పుపట్టలేదు. మంట దగ్గర చోటు కోరుట మానవ సహజము. పరాయి ఊరిలో, పరాయి గదిలో, తనవారెవరును లేని బిడ్డ నలుగురితో కూర్చుండి నవ్వవలెనని కోరుకొనుట కూడ అట్టిదే. అది పాపము కాదు. అయితే అక్కడివారు అడిగిరి. గలిలయ యాస అతనిని పట్టియిచ్చెను. మంట యొద్ద చోటు పోవునను భయముతో అతడు ప్రభువును ఎరుగననెను. అప్పుడు మంట దక్కినది గాని, దానియొద్ద నిలిచినవాడు పేతురు కాడు, యేసును ఎరుగనివాడొకడు. దాచుకొని కలిసినవాడు నిజముగా కలియలేదు. వాని వేషము మాత్రమే కలిసినది. లోపలివాడు చలిలోనే యున్నాడు.

మన బిడ్డలకు ఈ పరీక్ష ఎట్లు వచ్చును? చట్టము వలన బలవంతము లేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, 30వ అధికరణములో అల్పసంఖ్యాకులకు విద్యాలయములు నడుపుకొను హక్కునిచ్చినది. 28వ అధికరణములో, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందిన విద్యాలయమందు సమ్మతి లేకుండ ఎవనిని మతబోధకైనను ఆరాధనకైనను రప్పింపరాదని చెప్పినది. మైనరైనచో తలిదండ్రుల సమ్మతి కావలెను. రెండవ వాటికను మహాసభ కూడ 1964 నవంబరు 21న వెలువరించిన శాసనములో ఇతర సంఘముల క్రైస్తవులను సహోదరులుగా నెంచినది. కాబట్టి కష్టము బలవంతమునుండి కాదు, ప్రేమనుండి వచ్చును. బలవంతము చేయువానిని ఎదిరించుట సులభము. చేయి పట్టుకొని రమ్మను స్నేహితురాలితో రానని చెప్పుటయే కష్టము. చిన్న కళాశాలలో దాగుటకును వీలులేదు. పూజకు ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో మూడు దినములలో అందరికిని తెలియును.

ఒక ఉదాహరణ తీసికొందము. దివ్యపూజలో సత్ప్రసాదము ఇచ్చు వేళ వరుసలన్నియు లేచి ముందుకు పోవును. మన బిడ్డ ఒక్కతె కూర్చుండి పోవును. అందరి కన్నులు తన వీపుమీదనే యున్నట్లు తోచును. లేచి పోయినచో ఎవరును ఏమియు అనరు. కాని వారి సభ నియమము ప్రకారము అది సాధారణముగా కతోలికులకే ఇయ్యబడునది. తెలిసియు వరుసలో నిలిచినచో ఆమె తన సంఘముతోను, వారి సంఘముతోను నిజము పలుకనిదగును. ఆమె చోటనే కూర్చుండి మౌనముగా ప్రార్థించుకొన్నయెడల రెండు సంఘములను గౌరవించినదగును. మరి ఫిబ్రవరి 11న గుణదల కొండమీద మరియమాత ఉత్సవము జరుగునప్పుడు స్నేహితురాండ్రు పిలిచినయెడల? వెళ్ళవచ్చును. ముసలివారికి చేయూతనిచ్చి, కలిసి అన్నము తినవచ్చును. తనకు నమ్మిక లేని మ్రొక్కుబడి మాత్రము, స్నేహము కొరకైనను, మ్రొక్కరాదు.

కల్లములో ఎండిన మిరపకాయలను మన స్త్రీలు ఎట్లు ఏరుదురో చూడుడి. తాలుకాయను తీసివేయుదురు గాని తాలు ఉన్నదని రాశినంతటిని పారబోయరు. దానియేలు బబులోనులో అట్లే చేసెను. కల్దీయుల భాషయు విద్యయు నేర్చుకొనెను. వారు పెట్టిన పేరు పెట్టించుకొనెను. రాజు భోజనము దగ్గర మాత్రము ఆగెను. అదియు పోట్లాడి కాదు, పది దినములు పరీక్షించి చూడుమని మర్యాదగా అడిగెను. మన బిడ్డలు కూడ ఇంగ్లీషు నేర్వవలెను, వారి పాటలు విని ఆనందింపవలెను, కన్యాస్త్రీల క్రమశిక్షణను చూచి మెచ్చుకొనవలెను. మనము ప్రభువు ప్రార్థన అనుదానిని వారు పరలోక జపము అందురు, తండ్రి ఒక్కడే. విడువవలసిన తాలు కూడ మనలో నున్నది. జపమాలను చూచి ఎగతాళి చేయుట, మేమే పరిశుద్ధులమనుకొనుట అట్టివే.

ఇంతవరకు సంఘభేదములను గూర్చి చెప్పితిమి. అయితే మన బిడ్డలు రాత్రివేళ దుప్పటి ముసుగులో ఏడ్చునది జపమాలను గూర్చి కాదు. మీ ఊరేది యని మొదట అడుగుదురు. పిమ్మట ఇంటిపేరేమి యందురు. ఆ తరువాత ఊరిలో ఏ వైపు యందురు. ఆ మూడవ ప్రశ్న దేనికో అందరికిని తెలియును. ఫిరంగిపురము వంటి చోట్ల పూర్వకాలమునుండి ఉన్న కతోలికులలో రెడ్లును కమ్మవారును కలరు. మన సంఘములలో అనేకులము మాలపల్లె, మాదిగపల్లెలనుండి వచ్చినవారము. కులమును ఏ సంఘమువారును గుమ్మము దగ్గర చెప్పులతో పాటు విడిచి లోనికి రాలేదు. ఇది వారికి చెప్పు మాట మాత్రమే కాదు, మనకును చెందును.

వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువను జ్ఞాపకము చేసికొందము. క్రైస్తవ గృహములో పెరిగి ఉపాధ్యాయుడైన ఆయన, 1941లో గబ్బిలము అను కావ్యము వ్రాసెను. హిందూ పురాణ గాథలు పద్యములుగా వ్రాయుచున్నాడని క్రైస్తవులలో కొందరును, పుట్టుకను బట్టి పండితులలో కొందరును ఆయనను దూరముంచిరి. ఆయన పండితుల భాషను సంపూర్తిగా నేర్చెను, తన పుట్టుకను దాచలేదు. ఈనాడు ఆయన పద్యములు ఏ కులమువారింటనైనను వినబడుచున్నవి.

ఎవరైనను ఇట్లనవచ్చును: "అయ్యగారూ, ఆయన మహాకవి. పదునేడేండ్ల పిల్ల ఒంటరిగా ఎట్లు నిలుచును? దాచుకొననిండు, పాపము." ఈ మాటలో న్యాయమున్నది. అందుచేత ఒక భేదము చెప్పుచున్నాము. చెప్పకుండుట వేరు, కాదనుట వేరు. తమాషాకు అడుగువానికి మన కులము చెప్ప బాకీ లేము. హేరోదు ఎన్ని ప్రశ్నలడిగినను ప్రభువు మౌనముగా నుండెను. మౌనము పిరికితనము కాదు. కాని లేని ఇంటిపేరు చెప్పుట, చూడవచ్చిన తండ్రిని మా ఊరి పాలికాపు యనుట, ఇవి కాదనుటలు. వానివలన గాయపడువాడు అడిగినవాడు కాడు. చెమట నోడ్చి ఫీజు కట్టిన తండ్రి, ఆ మాట పలికిన బిడ్డ.

ఇక సంఘస్థులారా, మన వంతు ఏమి? మన లూథరను మిషను 1885లో స్థాపించిన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇతర మతములవారు, ఇతర సంఘములవారు చదివియున్నారు. ఇతరుల బిడ్డలు మన ముంగిట చలి కాచుకొనిరి గనుక, మన బిడ్డలను చేర్చుకొన్నవారిని గౌరవించుట మన ధర్మము. మన వీధిలో ఒక్క కతోలికుల ఇల్లుండునెడల క్రిస్మసునాడు వారిని పిలుచుచున్నామా? సెలవులకు వచ్చిన బిడ్డను, "ఆర్.సి.ఎం.లో కలిసిపోయినావా?" యని గుడి మెట్లమీదనే నిలదీయకుడి. ఏమి తింటివి, ఎవరితో స్నేహము చేసితివి, ఎప్పుడు ఏడ్చితివి యని అడుగుడి.

ఒకవేళ మన బిడ్డ అక్కడ మనలను కాదని వచ్చియుండవచ్చును. పునరుత్థానుడైన ప్రభువు సముద్రతీరమున తానే బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి, పేతురును భోజనమునకు పిలిచెను. కాదన్నవానికి ముందు అన్నము పెట్టెను. ప్రేమించుచున్నావా యని తరువాత అడిగెను. మన సంఘము మన బిడ్డలకు అట్టి మంటగా నుండును గాక. అక్కడ చలి కాచుకొనుటకు ఎవరును తమ్మును తాము కాదనుకొన నక్కరలేదు.

ప్రభువు మన విద్యార్థులను కాపాడి దీవించును గాక. ఆమేన్.