మృతుల పేర మాటాడుట

మాఘమాసమున మేడారము జాతర వచ్చినపుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో కాజీపేట దిక్కునకుఁ బోవు రైళ్లు క్రిక్కిరిసియుండును. బెల్లమును బంగారమని పిలిచి, తమ యెత్తు తూఁచి సమర్పించుటకై జనులు మూటలు గట్టుకొని పోవుదురు. ఒకమా ఱచ్చటనే యొక స్త్రీకిఁ బూనకము వచ్చి, యూఁగుచుఁ గేకలు వేసినది. నా చెంతనున్న మిత్రుఁడు, మిక్కిలి చదివినవాఁడు, "ఈ మౌఢ్య మెన్నఁటికిఁ దొలఁగునో" యని నవ్వెను. నేనును నవ్వితిని.

సమ్మక్క సారలమ్మలు పురాణములలోని దేవతలు కారు. కఱవునఁ గప్పము చెల్లింపనొల్లక కాకతీయ ప్రతాపరుద్రుని సేనతోఁ బోరిన స్త్రీలని కోయల యైతిహ్యము. సారలమ్మ పోరున మడిసెను. జంపన్న సంపెంగవాగునఁ బడి ప్రాణములు విడువఁగా నది జంపన్నవాగైనది. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్టవైపు పోయి మఱి కానరాలేదు, కుంకుమభరిణె మాత్రము దొరకినదందురు. నేఁటికిని వారికి విగ్రహములు లేవు. గెలిచినవారి ప్రతాపమును వరంగల్లు శిలలు చెప్పుచున్నవి. ఓడినవారి మాట రెండేండ్ల కొకమాఱు లక్షల జనుల నోటఁ బలుకుచున్నది. దీనిని వట్టి మౌఢ్యమనుట తొందరపాటు కాదా?

మన పల్లెలను జూచి నవ్వువారు అమెరికాలోని న్యూ ఆర్లియన్సు కథ వినవలెను. ఆ నగరమున ఫ్రెంచి మాటాడు ఆఫ్రికా సంతతి క్రియోలులు, చదువరులు, 1858 మొదలు 1877 వఱకు "సెర్కిల్ హార్మొనిక్" అను గోష్ఠిని నడపిరి. హెన్రీ లూయీ రే అందు ముఖ్యుఁడు. అంతర్యుద్ధమున నుత్తరపక్షపు సేనలోఁ బనిచేసినవాఁడు. బల్లచుట్టుఁ గూర్చుండి, ఆత్మలు పలికించినవని తోఁచిన మాటలను పుస్తకముల కెక్కించిరి. ఆ సంపుటములు నేఁటికిని న్యూ ఆర్లియన్సు విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నవి. 1863 మే 27వ తేదీన పోర్ట్ హడ్సన్ వద్దఁ గూలిన నల్లజాతి సేనాని ఆండ్రే కెయూ వారితో మాటాడెనఁట. 1866 జూలై 30వ తేదీన నగరములోనే, నల్లవారికి వోటుహక్కు కోరువారిపైఁ బడి మూఁక చంపినవారును మాటాడిరఁట. ఆ యాత్మలు పగ దీర్చుకొనుఁడని చెప్పలేదు. దేహవర్ణము దేహముతోడనే పోవునని చెప్పినవి.

ఆ మాటలు మృతులవే యని నేను నమ్మఁజాలను. వ్రాసినవారి హృదయమే యట్లు పలికియుండును. ఐనను ఆ సందేహముతో ప్రశ్న తీఱలేదు. ఏలయన, మృతుల పేరఁ జెప్పిన మాటను ఎదురు ప్రశ్నింపఁగలవాఁ డెవఁడు? సాక్షి బోనెక్కఁడు, వకీలు లేఁడు. తెలంగాణపు పల్లెలలోఁ బూనిన నోటినుండి "ఫలానివాఁడు చేతబడి చేసినాఁడు" అను మాట వెడలినపు డేమగుచున్నదో మన మెఱుఁగనిది కాదు. బాణామతి నెపమున దిక్కులేని ముదుసళ్లను గొట్టిరి, చంపిరి. వీరులను స్మరించు నోరును, పొరుగువాని ప్రాణము దీయు నోరును బయటికి నొక్కటియే.

నాకుఁ దోఁచిన భేద మిది. రే గోష్ఠిలో నాత్మ పలుకు భారము విన్నవారిపైననే పడినది: ఓర్చుకొనుఁడు, తమ్ముఁ జెఱచినవారిని సైతము సోదరులని తలఁపుఁడు. చేతబడి పేరు చెప్పు పూనకమున భారమంతయు, అచ్చట లేని, బదులు చెప్పనేరని వేఱొకనిపైఁ బడును. అట్టిదాని నడ్డుటకు ఆత్మలు కలవా లేవా యని తేల్చుకొనువఱకు వేచియుండ నక్కఱలేదు. మేడారమున కప్పము కథ స్మరించి కంటఁదడి పెట్టువానిని మాత్ర మే న్యాయముచే నడ్డుదుము?

మేడారమున నాల్గవనాఁడు దేవతలు వనప్రవేశము చేయుదురు. ఆ స్త్రీయుఁ బాటికి వానిలోఁ గలిసి యిల్లు చేరియుండును. ఆనాఁడు స్టేషనులో నామె కేకలలో నేదో మాట యున్నది. ఎవరినో పేరుపెట్టి పిలిచినట్లు లీలగా జ్ఞప్తి. అది సమ్మక్క పేరో, పొరుగువాని పేరో నేను వినలేదు. అప్పుడు నవ్వుచుంటిని.